మంద్రస్వరానికి పాఠం కూర్చిన వాద్యకారిణి: కెరోల్ కే

1960ల నాటి అమెరికన్ జనప్రియ సంగీత చరిత్ర రాయబూనినవారికి తొలుత ఎదురయ్యే చిక్కు ఆధారాల కొరత కాదు, ఆధారాల స్వభావం. నాటి గ్రామఫోను రికార్డు అట్టపైన గాయకుడి పేరు, బృందం పేరు, సంస్థ పేరు ప్రముఖంగా కనిపిస్తాయి. ఆ పాటను వాద్యాలపై పలికించిన వారి పేర్లు మాత్రం సాధారణంగా కనిపించవు. లాస్ ఏంజెలెస్ నగరంలో ఆ దశాబ్దంలో వెలువడిన రాక్, పాప్ గీతాలలో గణ్యమైన భాగానికి వాద్యసహకారం అందించినది ఒక చిన్న వృత్తికళాకారుల సమూహం. ఆ సమూహంలో బేస్ గిటార్ బాధ్యతను విశేషంగా మోసిన వ్యక్తి కెరోల్ కే. తాను పాల్గొన్న రికార్డింగులు పదివేల వరకూ ఉంటాయని ఆమె అంచనా. ఆమె జీవితంలో వాద్యకారిణి, ఉపాధ్యాయిని అనే రెండు ప్రవాహాలు మొదటినుంచీ కలిసే నడిచాయి. మొదటిదానికి కీర్తి హెచ్చు, వివాదమూ హెచ్చు. రెండవదానికి ప్రచారం తక్కువ, ప్రమాణం దృఢం. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టి చూచినప్పుడే ఆమె చారిత్రక స్థానం స్పష్టమవుతుంది.

ఆమె కథకు ముందు ఆమె వాద్యం కథ కొంత తెలియాలి. పాశ్చాత్య వాద్యబృందంలో మంద్రస్థాయి భారం తరతరాలుగా డబుల్ బేస్‌ది. మనిషికన్న ఎత్తయిన ఆ వాద్యం ఊరూరా మోసుకుపోవడానికి బరువు. బాకాలూ డ్రమ్ములూ ఒక్కసారిగా మోగేచోట దాని నాదం వినబడటమే కష్టం. 1930లలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ విద్యుత్తుతో పలికే బేస్‌ను తయారుచేసినా అది విపణిలో నిలదొక్కుకోలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసిన తరువాతనే గిటార్‌లా భుజానికి తగిలించుకుని, మెట్ల సాయంతో శ్రుతి తప్పకుండా వాయించగల మంద్రవాద్యం విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. అయితే కొత్త వాద్యానికి సంప్రదాయం లేదు, గురుపరంపర లేదు, ఇలాగే వాయించాలన్న నియమం లేదు. డబుల్ బేస్ విద్వాంసులలో అనేకులు దానిని చిన్నచూపు చూశారు. గిటార్ వాద్యకులు అవసరం కొద్దీ చేపట్టారు. ఈ అరాచకంలోనే ఒక అవకాశం దాగి ఉంది: స్థిరపడిన విద్వత్పరిషత్తు లేని చోట, ప్రతిభ గలవారెవరైనా శాసనకర్తలు కాగలరు.

కెరోల్ 1935 మార్చి 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో జన్మించింది. తండ్రి జాజ్ బృందాలలో ట్రాంబోన్ వాయించేవాడు, తల్లి పియానో వాయించేది. ఇద్దరికీ సంగీతమే వృత్తి. అమెరికా రెండవ ప్రపంచయుద్ధంలో దిగిన తొలి రోజులలో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని విల్మింగ్టన్‌కు తరలివచ్చి, శ్రామిక కుటుంబాల కోసం కట్టిన గృహసముదాయంలో స్థిరపడింది. ఇంట్లో సంగీతం ఉంది, సంపద లేదు. పదమూడేళ్ల ప్రాయంలో తల్లి కొనిచ్చిన గిటార్ ఆమె తొలి సాధనం. లాంగ్ బీచ్‌లో హోరెస్ హాచెట్ అనే గురువు వద్ద శిక్షణ మొదలైంది; శిష్యురాలి గ్రహణశక్తిని గుర్తించిన ఆ గురువు అనతికాలంలోనే ఆమెను తనకు సహాయకురాలిగా చేసుకున్నాడు. 1949లో, పద్నాలుగేళ్ల వయసులో, కెరోల్ రుసుము తీసుకుని ఇతరులకు గిటార్ నేర్పడం ప్రారంభించింది. ఆమె జీవితచరిత్రలో ఇది చిన్న వివరంగా కనిపించినా తరువాతి పరిణామాలకు బీజం ఇందులోనే ఉంది. సాధారణంగా సంగీతజ్ఞులు వేదికపై రాణించి, అలసి, అనంతరం బోధనకు మళ్లుతారు. ఆమె విషయంలో బోధన జీవనాధారంగా ముందే వచ్చింది. నేర్చినదాన్ని వెంటనే మరొకరికి విడమరచి చెప్పవలసిన అగత్యం వల్ల, చేతికి అబ్బిన విద్యను బుద్ధితో పరీక్షించుకునే అలవాటు ఆమెకు బాల్యంలోనే ఏర్పడింది.

1950లలో ఆమె లాస్ ఏంజెలెస్ జాజ్ క్లబ్బులలో గిటార్ వాద్యకురాలిగా పేరు తెచ్చుకుంది. ఆనాటి బీబాప్ సంగీతం వేగానికీ, క్షణక్షణం మారే స్వరగుచ్ఛాల (కార్డ్‌ల) మధ్య అప్పటికప్పుడు రాగకల్పన చేయగల నేర్పుకూ పరీక్ష వంటిది. అందులో నెగ్గినవారికి తక్కిన శైలులు సులభసాధ్యాలు. అయితే కళాగౌరవానికీ కుటుంబపోషణకూ పొంతన కుదరలేదు. పిల్లల పోషణ, తల్లి సంరక్షణ ఆమెపైనే ఉన్నందున పగలు టైపు పని, రాత్రి క్లబ్బు వాద్యం అన్న రీతిలో దినచర్య సాగేది. 1957లో ఒక క్లబ్బులో ఆమె వాద్యం విన్న నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్, గాయకుడు శామ్ కుక్ రికార్డింగుకు ఆమెను ఆహ్వానించాడు. ఒక్క సెషన్‌లో లభించే వేతనం క్లబ్బులో అనేక రాత్రుల ఆదాయాన్ని మించినదని గ్రహించిన కెరోల్, జాజ్ పట్ల అనురక్తిని లోపల నిలుపుకుంటూనే స్టూడియో మార్గాన్ని ఎంచుకుంది. ఈ నిర్ణయాన్ని కళకు ద్రోహమని నిందించనూ రాదు, దూరదృష్టి అని కీర్తించనూ రాదు. అది ఒక కుటుంబ యజమానురాలు బాధ్యతతో తీసుకున్న జీవననిర్ణయం. రాక్ అండ్ రోల్ ప్రభంజనానికి జాజ్ క్లబ్బులు ఒక్కొక్కటిగా క్షీణిస్తున్న ఆ తరుణంలో ఎందరో విద్వాంసులు ఆ దారినే పట్టారు.

స్టూడియోలో తొలి ఆరేళ్లూ ఆమె గిటార్ వాద్యకురాలే. 1958లో రిచీ వాలెన్స్ పాడిన 'లా బాంబా'లోనూ, ఆ కాలం దాటిన తరువాత 1964లో రైచస్ బ్రదర్స్ పాడిన 'యూవ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్' గీతంలోనూ వినబడే గిటార్ సహకారంలో ఆమె పాలు ఉంది. మలుపు 1963లో వచ్చింది. క్యాపిటల్ రికార్డ్స్ స్టూడియోలో జరుగుతున్న ఒక సెషన్‌కు బేస్ వాద్యకుడు రాకపోవడంతో ఆ వాద్యాన్ని ఆమె చేతికిచ్చారు. అనుకోకుండా తటస్థించిన సందర్భమే అయినా, దాన్ని స్థిరవృత్తిగా మలచుకోవడంలో ఆమె వివేచన కనబడుతుంది. సెషన్‌కు నలుగురైదుగురు గిటారిస్టులు పోటీపడే చోట వాయించడంకన్న, పాట నడకనంతటినీ శాసించగల ఏకైక మంద్రవాద్యం తన చేతిలో ఉండటం మేలని ఆమె గ్రహించింది. పాట స్వరాలను పైనుంచి అలంకరించడం గిటార్ పని. ఏ స్వరగుచ్ఛం ఏ క్షణంలో మారిందో శ్రోత చెవికి నిర్ధారించి చెప్పడం బేస్ పని.

వాదనవిధానంలో ఆమె తెచ్చిన మార్పు ఆనాటి యంత్రసామగ్రి దృష్ట్యా గమనింపదగినది. బేస్‌ను వేళ్లతో మీటడం డబుల్ బేస్ నుంచి సంక్రమించిన ఆచారం. కెరోల్ గిటార్‌పై అలవడిన గట్టి పిక్‌నే బేస్‌కూ వాడింది. తీగలు అవసరానికి మించి మోగకుండా బ్రిడ్జి సమీపాన ఫెల్ట్ గుడ్డ మడిచి అమర్చింది. ఫలితంగా ప్రతి స్వరం మొదట స్ఫుటంగా తాకి, వెంటనే పొందికగా అణగేది. చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలలోనూ, కారు రేడియోలలోనూ పాటలు వినే ఆ కాలంలో మంద్రనాదంలోని లోతు ఎలాగూ పూర్తిగా వినబడదు. పిక్ తాకిడి పుట్టించే స్ఫుటత్వం మాత్రం ఆ చిన్న స్పీకర్లను దాటి వినవచ్చేది. అంతకుముందు ఇదే ఫలితం కోసం లాస్ ఏంజెలెస్ స్టూడియోలలో డబుల్ బేస్, ఫెండర్ బేస్, ఆరు తీగల డానెలెక్ట్రో బేస్ కలిపి వాయించే పద్ధతి ఉండేది. ఆమె వాదనంలో ఒక్క వాద్యమే ఆ పని చాలావరకు నిర్వహించగలిగింది. ఈ ఘనత ఆమె ఒక్కరిదే అనడం అతిశయోక్తి. ఆమెకు ముందు రే పోల్‌మన్, ఆమెతోపాటు జో ఆస్‌బార్న్ అదే నగరంలో అదే దిశలో కృషి చేశారు. అయినా ఈ శైలిని నిర్దుష్టమైన పద్ధతిగా క్రోడీకరించినవారిలో అగ్రస్థానం ఆమెదే.

1964 నుంచి 1969 వరకు ఆమె వృత్తిజీవితంలో మధ్యాహ్నకాలం. గోల్డ్ స్టార్, వెస్టర్న్, క్యాపిటల్ స్టూడియోల మధ్య మూడేసి గంటల సెషన్లు రోజుకు రెండు మూడు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి జరిగేవి. డ్రమ్ములపై హాల్ బ్లేన్ లేదా ఎర్ల్ పామర్, గిటార్‌పై టామీ టెడెస్కో, గ్లెన్ క్యాంప్‌బెల్, కీబోర్డుపై లియోన్ రస్సెల్, లారీ నెక్టెల్ వంటివారు ఆమె సహచరులు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఒకే గదిలో వాద్యాలను గుంపులుగా మోహరించి దట్టమైన నాదాన్ని సృష్టించేవాడు. బీచ్ బాయ్స్ బృంద నాయకుడు బ్రయన్ విల్సన్ 1966లో వెలువరించిన 'పెట్ సౌండ్స్' ఆల్బంలో మంద్రస్వరాన్ని స్వరగుచ్ఛపు మూలస్వరానికి బంధించి ఉంచక, పాటకు సమాంతరంగా సాగే మరొక గానరేఖగా నడిపించాడు. ఆ రేఖలను విల్సన్ స్వయంగా కల్పించాడనీ, తాము వాటిని పలికించామనీ కెరోల్ నిస్సంకోచంగా చెప్పింది. తనది కానిదాన్ని తనదని చెప్పుకోని ఈ నిజాయతీని, ఆమె ఇతర వాదాలను తూచేటప్పుడు మరువరాదు.

మరికొన్ని చోట్ల కల్పనే ఆమెది. 1967లో సోనీ, షేర్ దంపతులు విడుదల చేసిన 'ద బీట్ గోస్ ఆన్' దాదాపు ఒకే స్వరగుచ్ఛంపై నిలిచిన పాట. సెషన్‌లో ఆమె అప్పటికప్పుడు అల్లిన బేస్ వరుసే ఆ పాటకు గుర్తింపుగా మిగిలింది. 1968లో గ్లెన్ క్యాంప్‌బెల్ పాడిన 'విచిటా లైన్‌మన్' ఆరంభంలో కిందికి దిగుతూ వచ్చే స్వరశ్రేణి ఆమెది. అదే పాట నడుమ క్యాంప్‌బెల్ వాయించిన గంభీరమైన ఒంటరి ఘట్టం ఆమె దగ్గర తీసుకున్న డానెలెక్ట్రో బేస్‌పై పలికినదే. లాలో షిఫ్రిన్ రచించిన 'మిషన్: ఇంపాసిబుల్' ధారావాహిక సంగీతంలోనూ, క్విన్సీ జోన్స్ చలనచిత్ర సంగీతంలోనూ, 1969లో జో కాకర్ పాడిన 'ఫీలిన్ ఆల్‌రైట్'లోనూ ఆమె వాద్యం ఉంది. రాక్, సోల్, జాజ్, చలనచిత్రం అనే నాలుగు భిన్న క్షేత్రాలలో ఒకే చేయి ఇంత సమర్థంగా చెల్లుబాటు కావడానికి బీబాప్ శిక్షణే కారణమని చెప్పడం సమంజసం.

ఇంతటి శ్రమకు లభించిన ప్రతిఫలం ఎటువంటిదో విచారించాలి. అమెరికన్ వాద్యకారుల సమాఖ్య నిర్ణయించిన రేటు ప్రకారం సెషన్‌కు ఇంత అని వేతనం ముట్టేది. అది ఆ కాలానికి మంచి ఆదాయమే. కాని రికార్డు లక్షల ప్రతులు అమ్ముడైనా, అందులో వాద్యకారులకు వాటా లేదు. కాపీహక్కు వ్యవస్థ సాహిత్యానికీ ప్రధాన వరుసకూ కర్తృత్వాన్ని గుర్తించింది తప్ప, పాట నడకను నిర్ణయించిన బేస్ వరుసను రచనగా పరిగణించలేదు. బృందసభ్యులే స్వయంగా వాయించారన్న భ్రమ విపణికి లాభదాయకం కావడంతో పేర్ల ప్రస్తావనను సంస్థలు ఉపేక్షించాయి. అయితే ఈ వ్యవస్థను కేవలం దోపిడీగా చిత్రించడం కూడా ఏకపక్షమే అవుతుంది. వాద్యకారులలో పలువురు నిత్యసంచారపు ప్రదర్శనలకన్న ఇంటిపట్టున ఉండి సంపాదించే అజ్ఞాతవృత్తినే కోరుకున్నారు. పిల్లల తల్లిగా కెరోల్‌కు ఆ వెసులుబాటు అత్యవసరం. ఆ ఏర్పాటులో నాడు అందరికీ ఏదో ఒక ప్రయోజనం ఉంది. నష్టం చరిత్రకు కలిగింది, అది బయటపడటానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1960ల చివరికి పరిస్థితులు మారాయి. రాక్ బృందాలు తమ పాటలకు తామే వాయించుకోవాలన్న ఆదర్శం బలపడింది. ఏళ్ల తరబడి విరామమెరుగని పనివల్ల కెరోల్‌కూ విసుగు, అలసట కలిగాయి. ఈ సంధికాలంలోనే ఆమె తన రెండవ వృత్తిని ముందుకు తెచ్చింది. 1969లో 'హౌ టు ప్లే ద ఎలక్ట్రిక్ బేస్' అన్న గ్రంథాన్ని రచించి, స్వంత ప్రచురణసంస్థ ద్వారా వెలువరించింది. దానిని అనుసరించి మరికొన్ని అభ్యాసగ్రంథాలు, అనంతర కాలంలో దృశ్యపాఠాలు వచ్చాయి. ఎలక్ట్రిక్ బేస్‌కు పాఠ్యగ్రంథాలు అంతకుముందు బొత్తిగా లేకపోలేదు. కాని ప్రజలు రేడియోలో నిత్యం వింటున్న సంగీతాన్ని వాయించిన వ్యక్తి, ఆ సంగీతం ఏ సూత్రాలపై నడుస్తుందో స్వయంగా విప్పి చెప్పడంలో ప్రత్యేకత ఉంది. వాయించగా వాయించగా వేళ్లకు తెలిసిపోయే వృత్తిరహస్యం అచ్చులో, స్వరలిపిలో, దూరదేశపు విద్యార్థికి కూడా అందే విద్యగా మారింది.

ఆమె బోధనాపద్ధతికి రెండు మూలస్తంభాలు. మొదటిది స్వరగుచ్ఛ ప్రాధాన్యం. మేళం ఆరోహణావరోహణలను ముందు కంఠస్థం చేయించి, తరువాత పాటలోకి దించే విద్యాలయ పద్ధతిని ఆమె దృఢంగా వ్యతిరేకించింది. పాశ్చాత్య జనప్రియ సంగీతం స్వరగుచ్ఛాల గమనంపై ఆధారపడినది గనుక, విద్యార్థి మొదటినుంచీ ఏ గుచ్ఛంలో ఏ స్వరాలున్నాయో, ఒక గుచ్ఛం మరొకదానికి ఎలా దారితీస్తుందో తెలుసుకోవాలని ఆమె వాదం. రెండవది లయజ్ఞానం. లయను కొలిచే మెట్రోనోమ్ యంత్రాన్ని నాలుగు దెబ్బలకూ మోగించక, రెండవ, నాలుగవ దెబ్బలపై మాత్రమే మోగేలా భావించి అభ్యసించమని ఆమె బోధించింది. డ్రమ్ములు గట్టిగా పడే స్థానాలు అవే గనుక, ఒకటవ, మూడవ దెబ్బలను తానే లోపల నిలుపుకోవలసిన విద్యార్థికి లయ పరాధీనం కాక స్వాధీనమవుతుంది. పిక్ కిందికి, పైకి కదిలే క్రమాన్ని కూడా ఆమె దెబ్బ, అరదెబ్బలతో ముడివేసి నియమబద్ధం చేసింది. మేళాధ్యయనాన్ని ఆమె కొంత అతిగా తోసిపుచ్చిందన్న విమర్శకు ఆస్కారం ఉంది. స్వరగుచ్ఛాలకన్న మేళాలనే ఆశ్రయించి నడిచే జాజ్ శాఖలు 1959 తరువాత ప్రబలంగా ఉన్నాయి. అయినా తాను ఏ సంగీతాన్ని బోధిస్తున్నదో దానికి ఆ పద్ధతి సరిపోతుందన్నది నిర్వివాదం.

1970లలో ఆమె స్టూడియో పనిని తగ్గించుకుని, పియానో విద్వాంసుడు హాంప్టన్ హాస్ వంటివారితో జాజ్ వాద్యంలో పాలుపంచుకుంది. 1976లో జరిగిన కారు ప్రమాదం ఆ క్రమాన్ని భగ్నం చేసింది. గాయాల బాధతో చాలాకాలం వాద్యానికి దూరమై, 1990లలో శస్త్రచికిత్స అనంతరమే పునరాగమనం చేయగలిగింది. చేయి సహకరించని కాలంలోనూ ఆమె పుస్తకాలు పనిచేస్తూనే ఉన్నాయి. ఆరోగ్యం కుదుటపడిన తరువాత వృద్ధాప్యంలో సైతం స్కైప్ ద్వారా దూరప్రాంతాల విద్యార్థులకు ముఖాముఖి పాఠాలు చెప్పింది.

ఇక వివాదాల సంగతి. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ వెలువరించిన కొన్ని ప్రఖ్యాత గీతాలలో బేస్ తనదేనని కెరోల్ ప్రకటించింది. ఆ గీతాలలో బేస్ డెట్రాయిట్ వాద్యకుడు జేమ్స్ జేమర్సన్‌దని సర్వత్రా ప్రతీతి. 1989లో జేమర్సన్ జీవితచరిత్రను ప్రచురించిన అలన్ స్లట్‌స్కీ ఆమె వాదాన్ని ఖండించాడు. రెండు పక్షాల ఆధారాలనూ పరిశీలిస్తే కొన్ని అంశాలు తేలుతాయి. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు తరలకముందే ఆ నగరంలో రికార్డింగులు జరిపించిన మాట వాస్తవం; బ్రెండా హాలవే 1964లో పాడిన 'ఎవ్రీ లిటిల్ బిట్ హర్ట్స్' అక్కడ తయారైనదే. కాబట్టి కెరోల్ మోటౌన్‌కు వాయించలేదనడం తప్పు. కాని వివాదగ్రస్తమైన ప్రధాన గీతాల విషయంలో డెట్రాయిట్ సహచరుల సాక్ష్యమూ, ఒకే చూపుడువేలితో మీటే జేమర్సన్ విలక్షణ వాదనశైలీ ఆయన పక్షానే మొగ్గుతున్నాయి. ఒకే పాటను అనేకసార్లు, అనేక స్టూడియోలలో రికార్డు చేయడం, కొన్నిటిని ముక్కలుగా అతకడం, పత్రాలు అసంపూర్ణంగా మిగలడం ఆనాటి ఆచారం. వేలాది సెషన్లలో పాల్గొన్న వ్యక్తి స్మృతికీ, తుదకు విడుదలైన రికార్డుకూ మధ్య వ్యత్యాసం ఏర్పడటంలో వింత లేదు. ఆమెను అసత్యవాదిగా ముద్రవేయడం అన్యాయం. ఆమె వాదాన్ని యథాతథంగా అంగీకరించడం 1983లో మరణించి తన పక్షం తాను చెప్పుకోలేని జేమర్సన్‌కు అన్యాయం. పేర్లు నమోదు చేయని వ్యవస్థే ఈ కలహానికి ప్రథమ కారణం.

రెండవ వివాదం నామకరణానికి సంబంధించినది. హాల్ బ్లేన్ 1990లో ప్రచురించిన స్వీయచరిత్ర వల్ల ఆ వాద్యసమూహానికి 'రెకింగ్ క్రూ' అన్న పేరు వ్యాపించింది. టామీ టెడెస్కో కుమారుడు డెనీ నిర్మించిన డాక్యుమెంటరీ దాన్ని స్థిరపరచింది. ఆ రోజులలో తమకటువంటి పేరే లేదని, స్వతంత్ర వృత్తికళాకారులను ఒక బ్యాండుగా చిత్రించడం తగదని కెరోల్ ఎడతెగక వాదించింది. ఆ సమూహంలో దాదాపు ఏకైక మహిళగా ఆమెకు దక్కిన కుతూహలపు దృష్టిని కూడా ఆమె ఆహ్వానించలేదు. స్టూడియోలో వాయించగల సామర్థ్యమే కొలమానమని ఆమె నిలకడైన అభిప్రాయం. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక అత్యుత్తమ బేస్ వాద్యకుల జాబితాలో ఆమెకు ఐదవ స్థానమిచ్చింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంగీత విశిష్టత పురస్కారానికి ఆమెను ఎంపిక చేసినప్పుడు, తొంభై ఏళ్ల వయసులో ఉన్న కెరోల్ ఆ ఉత్సవానికి రానని ప్రకటించింది. స్టూడియో వాద్యకారుల సమష్టి కృషికి అటువంటి గౌరవం అద్దం పట్టదని ఆమె భావన. ఆ తిరస్కారంలో మొండితనం చూసినవారున్నారు. జీవితమంతా ఒకే మాటపై నిలబడిన మనిషి చివరి దశలో అందుకు విరుద్ధంగా ప్రవర్తించకపోవడం నిలకడే అనడం మరింత సబబు.

మొత్తం మీద చూచినప్పుడు కెరోల్ కే చరిత్రలో మూడు తీర్పులు నిలుస్తాయి. ఆమె వాయించిన పాటల జాబితా హద్దులపై పరిశోధకులు ఇంకా తర్కించవచ్చు. కాని 'పెట్ సౌండ్స్', 'ద బీట్ గోస్ ఆన్', 'విచిటా లైన్‌మన్' వంటి రచనలలో ఆమె భాగస్వామ్యం ఒక్కటే ఆమెను ఎలక్ట్రిక్ బేస్ నిర్మాతలలో ఒకరిగా నిలపడానికి చాలు. మోటౌన్ గీతాలలో జేమర్సన్ భాగం జేమర్సన్‌దే. దాన్ని తగ్గించకుండానే ఆమెను గౌరవించవచ్చు. అన్నిటికీ మించి, పుట్టి ఇరవై ఏళ్లయినా నిండని ఒక వాద్యానికి ఆమె అభ్యాసక్రమాన్ని, లయనియమాన్ని, స్వరజ్ఞానపు వరుసను అక్షరబద్ధం చేసి తరువాతి తరాలకు అప్పగించింది. స్టూడియో పత్రాలలో చెరిగిపోయిన పేరు ఆ పుస్తకాల ముఖపత్రాలపై మాత్రం స్పష్టంగా ఉంది. ఆమె వారసత్వాన్ని కొలవదలచినవారు అక్కడినుంచే మొదలుపెట్టాలి.